సున్నా ఎక్కడుంది? – ఆమ్‌స్టర్‌డామ్‌లో శని, ఆదివారాలు

రైలు స్టేషన్లలో వూరి పేరు రాసిన పసుపుపచ్చ బోర్డు మీద, అడుగున ఒక చిన్న అంకె వుంటుంది. సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని. మచిలీపట్నం వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి గాని, ఆ ఎత్తు ఎక్కణ్ణించి కొలిచారు, పూటకో తీరుగా పోటూ పాటూ పడే సముద్రానికి మట్టమేమిటి అని ఏనాడూ అడగలేదు. ఫిజిక్సు చదివేవాడికి ఇది సిగ్గుచేటే. మా లెక్చరర్లు క్షమించాలి. ఆ ప్రశ్న నాకు తట్టింది మన దేశంలో కాదు. పోయిన సంవత్సరం మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, పాత కోటు ఒకటి బేరమాడి కొనుక్కున్న తర్వాత. అదెలా జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం. "విదేశం వెళ్ళొచ్చావు, సావనీరుకి ఏదైనా రాయవోయ్" అని యూనియను మిత్రులు అడిగినప్పుడు, మ్యూజియంల పట్టిక ఒకటి రాసి ఇచ్చేద్దామనుకున్నాను గాని, చేతులు రాలేదు.

రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం ప్రకారం నాకు నెదర్లాండ్స్ దేశంలో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. చరిత్ర పాఠాల్లో డచ్చివారు అని చదువుకున్నామే, వాళ్ళ దేశమే. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో, పులికాట్‌లో, భీమునిపట్నంలో గిడ్డంగులు పెట్టింది వాళ్ళే. నేను వున్నది లైడెన్ అనే వూరు. అక్కణ్ణించి ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో అరగంట, ముప్పావుగంట లోపు. కాబట్టి రాత్రి హోటల్లో దిగే ఖర్చు లేకుండా, శనివారం వెళ్ళి రాత్రికి తిరిగొచ్చి, మళ్ళీ ఆదివారం వెళ్ళడానికి నిర్ణయించుకున్నాం. 'నిర్ణయించుకున్నాం' అంటే నేనూ, మదురై నుంచి వచ్చిన నా గది మిత్రుడూ. తెల్లవారుజామున లేచి ఒక డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం సర్దుకుని బయల్దేరాం. అక్కడ మార్చి నెలంటే మన మాఘం చలికి పెద్దన్నలాంటిది.

నేను పుట్టింది దివిసీమ. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై సముద్రంలో కలిసేలోపు, ఆ పాయల మధ్య వున్న లంక అది. మూడు ఎకరాల శివారు భూమి మాది. శివారు అంటే పంటకాలువ నీళ్ళు అందరికంటే ఆఖర్న వచ్చేదీ, మురుగు నీళ్ళు అందరికంటే ఆఖర్న పోయేదీ అన్నమాట. అందుచేత కొత్త వూరు ఏది చూసినా నా కళ్ళు ముందు నీళ్ళు ఎటు పారుతున్నాయా అని చూస్తాయి. ఇది గొప్ప కాదు, అలవాటు. కంసాలి పెళ్ళికి వెళ్ళినా నగలే చూస్తాడు కదా!

రైలు లైడెన్ దాటిన కొద్దిసేపటికి నాకు మతి పోయింది. కిటికీలోంచి చూస్తే కాలువ గట్టు మీద పడవ పోతోంది. దాని పక్కనే చేలున్నాయి. పడవ ఎత్తున, చేలు కింద! మన దగ్గర కూడా పంటకాలువ చేలకంటే ఎత్తుగానే వుంటుంది, నీరు పల్లానికి పారాలి గనక. కాని ఇది పంటకాలువ కాదు. చేలల్లోని మురుగును పైకి తోడి పోసే కాలువ. మురుగు కాలువ చేలకంటే ఎత్తున వుండడమేమిటి? మా నాన్న చూస్తే "ఎవడ్రా ఈ పని చేసింది?" అని కేకలేసి వుండేవాడు.

ఆ పని చేసింది ఆవిరి యంత్రాలు. ఇప్పుడు చేలున్న ఆ జాగాలో ఒకప్పుడు హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద చెరువుండేది. గాలివానలకు గట్లు కోసుకుంటూ ఏటికేడాది పెరిగేది. 1836లో రెండు తుపానులకు దాని నీళ్ళు ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ గుమ్మం దాకా, ఇంకోసారి లైడెన్ గుమ్మం దాకా వచ్చాయి. దాంతో ఆ చెరువునే తోడెయ్యాలని ప్రభుత్వం తీర్మానించింది. ముందు దాని చుట్టూ 60 కిలోమీటర్ల కాలువ తవ్వి గట్టు పోశారు. తర్వాత మూడు పెద్ద ఆవిరి పంపులు పెట్టి 1849 నుంచి 1852 దాకా తోడారు. 18,000 హెక్టార్లు, అంటే దాదాపు 45 వేల ఎకరాల భూమి బయటపడింది. మనం విమానం దిగే స్కిఫోల్ విమానాశ్రయం ఆ చెరువు అడుగునే వుంది, సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా దిగువన. రోజుకు వందల విమానాలు చెరువు గర్భంలో దిగి, చెరువు గర్భంలోంచే ఎగిరిపోతున్నాయి. పంపులు ఆపేస్తే వాన నీళ్ళూ, ఊట నీళ్ళూ చేరి, కొన్నాళ్ళకు మళ్ళీ చెరువే.

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషను 1889లో తెరిచారు. నీళ్ళలో మట్టి పోసి దీవులు కట్టి, వాటిలో 8,687 కొయ్య స్తంభాలు దిగ్గొట్టి, వాటి మీద కట్టారు. అక్కణ్ణించి తిన్నగా పది నిమిషాలు నడిస్తే డామ్ చౌకు వస్తుంది. పేరులోనే వుంది కథంతా: ఆమ్‌స్టెల్ అనే నదికి పదమూడో శతాబ్దంలో వేసిన ఆనకట్టే 'డామ్'. ఆ ఆనకట్ట దగ్గర కాపురముండే జనానికి సుంకం మినహాయిస్తూ 1275లో అక్కడి ప్రభువు ఇచ్చిన పత్రంలో వూరి ప్రస్తావన మొదటిసారి కనబడుతుంది. 2025లో 750 ఏళ్ళ పండగ చేసుకున్నారు. ఒక ఆనకట్ట పేరు మీద ఇంత నగరం వెలిసిందంటే డెల్టా వాళ్ళకు ఆశ్చర్యం వెయ్యదు. మన బెజవాడ కథ కూడా 1850లలో కట్టిన ఆనకట్టతోనే మలుపు తిరిగింది గదా.

చౌకులో రాజుగారి మేడ వుంది. 1655లో నగర సభాభవనంగా తెరిచి, తర్వాత రాజభవనం చేశారు. దానికింద వున్న స్తంభాలు 13,659. ఈ అంకెను బడిపిల్లలు గుర్తుపెట్టుకోవడానికి ఒక చిట్కా వుంది: సంవత్సరానికి రోజులెన్ని? 365. దానికి ముందొక ఒకటి, వెనకొక తొమ్మిది చేర్చు. అంతే! ఈ చిట్కా నాకు భలే నచ్చింది. మన ఎంట్రన్సు కోచింగుల వాళ్ళకు తెలిస్తే వదలరు.

స్తంభాలెందుకు అంటారా? అక్కడి నేల పైపొర అంతా కుళ్ళిన గడ్డీ, నాచూ, పీచుతో ఏర్పడిన మెత్తటి నేల. దానికింద బంకమన్ను. పన్నెండు మీటర్ల లోతుకి వెళ్తే గాని గట్టి ఇసుక తగలదు. అందుకని పైన్ దుంగల్ని ఇసుక తగిలేదాకా దిగ్గొట్టి, వాటి తలల మీద పలకలు పరిచి, పలకల మీద ఇటిక కట్టుబడి లేపారు. నాలుగువందల ఏళ్ళుగా కొయ్య పుచ్చకుండా ఎలా వుంది? కొయ్యను తినే బూజుకు ఊపిరి కావాలి, అంటే ప్రాణవాయువు కావాలి. నీళ్ళలో పూర్తిగా మునిగిన కొయ్యకు అది అందదు. మా వూళ్ళో పిల్లకాలువ మీద తాటిదూలం వంతెన వుంది. దాని గుంజలు నీళ్ళ అడుగున రాయిలాగా వుంటాయి. పైన ఎండలో వున్న భాగమూ బాగానే వుంటుంది. నీరూ గాలీ కలిసేచోట, తడిసి ఆరి తడిసి ఆరే జానెడు మేరా మాత్రం పుచ్చిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ రహస్యం అంతా ఆ జానెడులోనే వుంది. నేలలోని నీటిమట్టం స్తంభాల తలలకంటే ఎప్పుడూ పైన వుండాలి. తగ్గితే ఇల్లు ఒరిగిపోతుంది. పెరిగితే నేలమాళిగలోకి నీళ్ళొస్తాయి. అందువల్ల నగరం మధ్య కాలువల నీటిని, ఎండాకాలమైనా వానాకాలమైనా, వాళ్ళ సున్నాకి 40 సెంటీమీటర్ల దిగువన నిలబెడుతూ వుంటారు.

ఆ కాలువల పక్క ఇళ్ళు చూడముచ్చటగా వుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఒరుసుకుని, తిరునాళ్ళలో జనం నిలబడ్డట్టు నిలబడి వుంటాయి. చాలా ఇళ్ళు ముందుకు వంగి వుంటాయి. కూలిపోతున్నాయేమోనని నా మిత్రుడు రోడ్డు మధ్యకి జరిగాడు. అది కావాలని కట్టిన వంపే. పై అటక దగ్గర ఒక దూలం, దానికి కొక్కెం వుంటాయి. మెట్లు నిటారుగా, ఇరుగ్గా వుంటాయి గనక బస్తాలనూ, బీరువాలనూ తాడుతో కొక్కెం మీదుగా లాగి కిటికీలోంచి లోపలికి చేరుస్తారు. గోడ ముందుకు వంగితే సామాను గోడకు రాసుకోదు. మా ధాన్యపు కొట్టు అటక ఎక్కించడానికి మేం పడే పాట్లు తలుచుకుని ఆ కొక్కేనికి మనసులో ఒక నమస్కారం పెట్టాను. ముందుకు వంగినవి తెలివితో కట్టినవి, పక్కకి ఒరిగినవి స్తంభాలు పుచ్చినవి. ఈ ఒక్క తేడా తెలిస్తే నగరమంతా తిరగొచ్చు.

నీళ్ళు కుళ్ళకుండా కాలువలకు రాత్రిపూట కడుగుడు కూడా వుంది. నగరం తూర్పున వున్న పంపుల ద్వారా మంచినీటి సరస్సు నీళ్ళు లోపలికి తోసి, పాత నీళ్ళను పడమటికి పంపిస్తారు. అవి చివరికి ఐముయిడెన్ అనేచోట సముద్రంలో పడతాయి. అక్కడ వున్న పంపులు సెకనుకు 260 ఘనపు మీటర్ల నీరు తోడగలవు. మన భాషలో చెప్పాలంటే 9 వేల క్యూసెక్కులకు పైమాట. కాలువ పారడం కాదు, కాలువను తోడి సముద్రంలో పొయ్యడం! మా దగ్గర డ్రెయిన్లు సముద్రపు పాటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. పోటు వచ్చిందంటే ఉప్పునీరు ఎదురు తన్నుకొస్తుంది.

మధ్యాహ్నానికి చలికి నా వేళ్ళు కొయ్యబారాయి. వాటర్లూప్లైన్ అనేచోట పాత వస్తువుల సంత వుంది, అక్కడ కోటు చవగ్గా దొరుకుతుందంటే వెళ్ళాం. బేరం మన బీసెంటు రోడ్డు పద్ధతిలోనే సాగింది. కోటు వేసుకుని, పులిహోర తినడానికి గాలి తగలని చోటు వెతుక్కుంటూ పక్కనే వున్న పెద్ద భవనంలోకి దూరాం. సగం నగర పాలక భవనం, సగం సంగీత నాటకశాల. దాన్ని స్టోపెరా అంటారు. లోపల నడవాలో గాజుతో చేసిన మూడు నిలువు గొట్టాలు కనబడ్డాయి. వాటిలో నీళ్ళు.

మొదటి గొట్టంలో నీళ్ళు ఐముయిడెన్ దగ్గర సముద్రం ఆ క్షణాన ఎంత ఎత్తున వుందో అంత ఎత్తున వుంటాయి. రెండోది దక్షిణాన వున్న ఫ్లిసింగెన్ రేవుది. పోటు వస్తుంటే గొట్టంలో నీళ్ళు లేస్తాయి, పాటు వస్తుంటే దిగుతాయి. సరదాగా వుంది, చూస్తూ నిలబడ్డాం. మూడో గొట్టం అలా కాదు. అందులో నీళ్ళు కదలవు. తల పైకెత్తి చూడాలి. 4 మీటర్ల 55 సెంటీమీటర్లు. 1953లో ఆ దేశపు నైరుతి మూలన వున్న జేలండ్ ప్రాంతం మీద సముద్రం విరుచుకుపడ్డ రాత్రి నీరు లేచిన ఎత్తు అది. జనవరి 31 శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం. 1,836 మంది చనిపోయారు.

నేను పులిహోర డబ్బా మూత తియ్యకుండానే నిలబడిపోయాను. ఎందుకంటే మా ఇంట్లో కూడా ఒక శనివారం వుంది. 1977 నవంబరు 19. ఆ సాయంత్రం వచ్చిన ఉప్పెనలో దివిసీమలో దాదాపు పదివేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి వూళ్ళ పేర్లు మీరు వినే వుంటారు. మా వూరు కొంచెం లోపలికి వుంది గనక కొందరు మిగిలారు. మా నాయనమ్మ రెండేళ్ళ మా నాన్నను భుజాన వేసుకుని రామాలయం కప్పు ఎక్కి బతికింది. తన చెల్లెలు బతకలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా నాయనమ్మ లేచి నిలబడి చెయ్యి అడ్డంగా పెట్టి, "ఇదుగో, ఇంత ఎత్తు వచ్చాయిరా నీళ్ళు" అంటుంది. ఒకసారి ఆ చెయ్యి గెడ్డం దగ్గర వుంటుంది. ఒకసారి నెత్తికి పైన వుంటుంది. మోకాళ్ళ నొప్పులు వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాక చెయ్యి ఇంకా కిందికి దిగింది. తీరంలో ఉప్పెన సుమారు 5 మీటర్లు లేచిందని పుస్తకాల్లో వుంది. కాని మా వూళ్ళో ఎంత? మా వాకిట్లో ఎంత? మా నాయనమ్మ చేతికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ భవనంలో మెట్లు దిగి వెళితే అడుగున ఒక కాంక్రీటు స్తంభం నెత్తిన ఇత్తడి రంగు బొడిపె ఒకటి కనబడుతుంది. మన ఇళ్ళ తలుపులకు వుండే బొడిపెలాంటిదే. అది కంచు. దాని తల ఎత్తే సున్నా. నెదర్లాండ్స్ దేశంలో ఏ గట్టు ఎత్తు చెప్పినా, ఏ చేను లోతు చెప్పినా, ఏ గొట్టంలో నీళ్ళు చెప్పినా, ఆ సున్నా నుంచే.

సముద్రానికి మట్టమేమిటి అన్న ప్రశ్న అక్కడ తట్టింది. జవాబు ఏమంటే, మట్టం సముద్రానికి వుండదు, మనం పెట్టాలి. 1683 సెప్టెంబరు నుంచి 1684 సెప్టెంబరు దాకా ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు రోజూ పోటు ఎత్తు కొలిచి సగటు కట్టారు. తర్వాత నగరం చుట్టూ వున్న లాకుల గోడల్లో ఎనిమిది పాలరాతి పలకలు బిగించి, వాటి మీద అడ్డగీత గీశారు. ఆ గీత సముద్రపు గట్టు వుండవలసిన ఎత్తు: నగర మట్టానికి 9 అడుగుల 5 అంగుళాల పైన. ఈ పని చేయించిన నగరాధ్యక్షుడు యోహానెస్ హుడ్డె గణిత శాస్త్రజ్ఞుడు కూడా. బీజసమీకరణానికి రెండు సమాన మూలాలు వుంటే పట్టుకునే సూత్రం ఒకటి ఆయన పేరు మీద వుంది. లెక్కలు చదివితే మునిసిపాలిటీకి పనికొస్తాయా అని అడిగేవాళ్ళకు ఈయన పేరు చెప్పండి.

గీత ఎందుకంత ముఖ్యం? గట్టు ఏటా కుంగుతుంది. ఎంత కుంగిందో గట్టును చూస్తే తెలియదు, నీళ్ళను చూస్తే అసలు తెలియదు. రెండూ కదిలేవే. కదలని గీత ఒకటి వుంటేనే "ఇక్కడ అరడుగు తగ్గింది, మట్టి పొయ్యండి" అనగలం. గీత లేకపోతే "అబ్బే, బాగానే వుందండీ" అనే వాడిదే గెలుపు. 1932లో వాళ్ళు ఆనాటి సముద్రపు పాయకు అడ్డంగా పెద్ద గట్టు వేసి మంచినీటి సరస్సు చేసేశారు. అంటే హుడ్డె కొలిచిన పోటు ఇవాళ ఆ వూరికి రానే రాదు. సముద్రం వెళ్ళిపోయింది, సున్నా మిగిలింది. జర్మనీ వాళ్ళు కూడా పంతొమ్మిదో శతాబ్దంలో తమ ఎత్తులకు ఆ సున్నానే ఆధారం చేసుకున్నారు. మన దేశానికి వేరే లెక్క వుంది. తొమ్మిది రేవుల్లో సముద్రపు సగటు తీసి 1909లో స్థిరపరిచారు. ఆ తొమ్మిదింటిలో మన విశాఖపట్నం ఒకటి. మచిలీపట్నం బోర్డు మీద అంకె మొదలు అక్కడుందన్నమాట.

ఇదంతా చదివి వాళ్ళేదో దేవతలనుకోవద్దు. 1953 నాటికి గట్లు పొట్టిగా వున్నాయని యోహన్ వాన్ వేన్ అనే ప్రభుత్వ ఇంజనీరు ముందే చెబుతూ వచ్చాడు. డబ్బు లేదని వాయిదాలు వేశారు. 1,836 మంది పోయాకే కదిలారు. అయితే కదిలాక ఆగలేదు. మూడు వారాలు తిరక్కముందే సంఘం వేశారు. గట్టు ఎంత ఎత్తు కట్టాలి అన్నది లెక్కగా మార్చారు: ఎత్తు పెంచితే ఖర్చు ఎంత పెరుగుతుంది, నష్టం ఎంత తగ్గుతుంది, రెండూ కలిపితే ఎక్కడ తక్కువ అని. ఆ లెక్క వేసింది వాన్ డాంట్జిగ్ అనే గణితాచార్యుడు. మనం డిగ్రీ రెండో ఏడు చేసే గరిష్ఠ కనిష్ఠాల లెక్కే అది, మూలంలో. ఆ కట్టడాల్లో చివరిదైన పెద్ద తలుపుల అడ్డుగోడ 1997లో పూర్తయింది. నలభైనాలుగేళ్ళు పట్టింది.

మనవాళ్ళు ఏమీ చెయ్యలేదనడమూ న్యాయం కాదు. 1977 తర్వాత తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మేలో అంతటి తుపానే ఈ తీరానికి వస్తే లక్షమందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపు. ప్రాణాలు కాపాడ్డం నేర్చుకున్నాం. చేలు కాపాడ్డం ఇంకా రాలేదు, అది నా ఫిర్యాదు.

ఆదివారం సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంటికి టిక్కెట్లు ముందే అయిపోతాయట, దొరకలేదు. వీధిలోంచి చూసి వచ్చేశాం. వాన్ గో మ్యూజియంలో పొద్దుతిరుగుడు పూల చుట్టూ జనం మూగి వున్నారు. నేను మాత్రం దీపం వెలుగులో బంగాళాదుంపలు తింటున్న రైతు కుటుంబం బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. 1885లో వేసినది. వాళ్ళ వేళ్ళు చూడండి, మట్టి పట్టిన కణుపులు. అవి మా నాన్న వేళ్ళే. గంట పడవ ఎక్కాం. గైడు చెప్పిన హాస్యాలు నాకు సగమే అర్థమయ్యాయి. ఒక వీధిలో కాలువ గోడకు ఇనుప దడులు కట్టి వున్నాయి. 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బర్గ్‌వాల్ అనేచోట గోడ ఒక్కసారిగా కాలువలోకి కూలిందనీ, అప్పణ్ణించి నగరంలో గోడలన్నీ పరీక్షించి మరమ్మతు చేస్తున్నారనీ చెప్పాడు. బళ్ళ బరువు కోసం కాదు, గుర్రబ్బండ్ల కోసం కట్టిన గోడలవి. ఇంకో చిక్కు కూడా వుంది. పీచునేలలోంచి నీళ్ళు తోడేకొద్దీ దానికి గాలి తగిలి కుళ్ళి కుంగుతుంది, కుంగేకొద్దీ ఇంకా తోడాలి. మన కృష్ణా డెల్టా బాధ మరోరకం: రావలసిన ఒండ్రు ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది.

తిరుగు రైల్లో నేను ఆలోచించింది పంపుల గురించి కాదు. అంత విద్యుత్తు, అంత డబ్బు మనకెక్కడివి? లైడెన్‌లో నేను రోజూ ఒక పాత భవనం ముందునుంచి నడిచి వెళ్ళేవాణ్ణి. అది రైన్లండ్ నీటి మండలిది. పదమూడో శతాబ్దం నుంచీ వున్న సంస్థ. దేశంలో అలాంటివి ఇప్పుడు 21 వున్నాయి. గట్లూ, మురుగూ చూడ్డమే వాటి పని. వాటికి వేరే పన్ను, నాలుగేళ్ళకోసారి వేరే ఎన్నిక. మనకూ 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. మా నాన్న కూడా సభ్యుడే. సమావేశాల్లో ఏం మాట్లాడతావు నాన్నా అంటే, "నీళ్ళు పోవట్లేదండీ అంటాను. చూద్దామండీ అంటారు" అన్నాడొకసారి. వాళ్ళకూ మనకూ తేడా ఆ రెండు వాక్యాల మధ్యన ఎక్కడో వుందనిపించింది.

జులైలో ఇంటికొచ్చాను. ఊడ్పులు అయినవారానికే రెండ్రోజుల వాన పడింది. మా మూడెకరాల్లో పల్లపు మూల ఎకరం చేను నీళ్ళలో నానుతోంది. వరసగా ఇది మూడో ఏడు. వాన వెలిశాక తాపీ మేస్త్రిని అడిగి నీళ్ళ గొట్టం తెచ్చాను. ఇల్లు కట్టేటప్పుడు మట్టం చూడ్డానికి వాళ్ళు వాడే సన్నటి, పారదర్శకపు గొట్టం. రెండు చివర్లా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఇంతకంటే చవకైన శాస్త్ర పరికరం లేదు. నేనొక చివర, మా బాబాయి కొడుకొక చివర పట్టుకుని, రామాలయం అరుగు అంచును మా సున్నాగా పెట్టుకుని, అంచెలంచెలుగా చేను దాకా కొలుచుకుంటూ వెళ్ళాం. అక్కణ్ణించి డ్రెయిను మీది తూము దాకా. దారిన పోయేవాళ్ళంతా "పెళ్ళికి పందిరా?" అని వేళాకోళం చేశారు.

తూము అడుగు మా చేను పల్లపు మూలకంటే 11 అంగుళాలు ఎత్తున వుంది. అంటే ఎవరెన్ని అర్జీలు పెట్టినా, డ్రెయిన్లో ఎంత పూడిక తీసినా, ఆ 11 అంగుళాల నీళ్ళు ఎటూ పోవు. ఎండాలి, లేదా పైరు కుళ్ళాలి. తూము ఎప్పుడు ఎవరు కట్టారన్నది ఇక్కడ అనవసరం. ఈసారి నాన్న పెట్టిన అర్జీలో "నీళ్ళు పోవట్లేదు" అన్న వాక్యం తీసేసి అంకె రాశాం. ఒక కుర్ర ఉద్యోగి లెవెలింగు పరికరంతో వచ్చి కొలిచాడు. ఆయన లెక్కకు తొమ్మిదిన్నర అంగుళాలే వచ్చింది. గొట్టంలో ఎక్కడో గాలిబుడగ వుండి వుంటుంది, తప్పు నాదే. తొమ్మిదిన్నర అని కాగితం మీద రాసుకుని వెళ్ళాడు. తూము ఇంకా మారలేదు.

గొట్టం ఎలాగూ వుందిగదా అని ఇంకో పని కూడా చేశాం. 1977 చూసినవాళ్ళు మా వూళ్ళో నలుగురున్నారు. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు వినకుండా, ఒక్కొక్కళ్ళనీ వేరువేరుగా రామాలయం స్తంభం దగ్గరికి పిలిచి, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో సుద్దతో గీత గియ్యమన్నాం. మూడు గీతలు నాలుగంగుళాల తేడాలో పడ్డాయి. నాలుగోది అడుగు పైన పడింది. అది మా నాయనమ్మది. అందరికంటే ఎక్కువసేపు నీళ్ళను చూసింది తనే గనక, ఎవరిది తప్పో నేను చెప్పలేను. కిందివి మూడూ కలిపి సగటు తీశాను. తన గీతను చెరపనివ్వలేదు నాయనమ్మ. రెండూ వుంచాం.

మేకు మాత్రం సగటు గీత మీద కొట్టాం, సిమెంటు పెట్టి. అరుగు అంచు నుంచి 5 అడుగుల 2 అంగుళాలు. నాయనమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పూజారిగారు మొన్న దానికి గంట తగిలిస్తానంటే, నాన్న వద్దన్నాడు, బరువుకి కిందికి జారుతుందని.